పుర్సత్ లేని ప్లాన్ పానం మీదికే

సింగరేణిల 2024–25 సాలు లెక్క అందరికి ఎరుకే. 7 కోట్ల 20 లక్షల టన్నుల బొగ్గు తీయాలని టార్గెట్ పెట్టుకున్నరు. 6 కోట్ల 90 లక్షల టన్నుల కాడ బండి ఆగింది. అంతకుముందు సాలు 7 కోట్ల టన్నులు అనుకున్నరు, 20 వేల టన్నులు ఎక్కువే వచ్చింది. ఒక సాలు గెలిచినట్టు, ఇంకో సాలు ఓడినట్టు రాసిన్రు. గెలిచిన సాలు కేకులు కోసిన్రు, ఓడిన సాలు రివ్యూ మీటింగులు పెట్టిన్రు. రెండు సాళ్లల్ల అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒక్కటే. ఆ టార్గెట్ ఎనుక ప్లాన్ ఏది?

టార్గెట్ వేరు, ప్లాన్ వేరు. ఇన్ని టన్నులు కావాలె అనుడు టార్గెట్. ఏ యంత్రం, ఏ మనిషి, ఏ రోజు, ఏ పని ముందు, ఏ పని ఎనుక, ఏది ఆగిపోతె ఏం చెయ్యాలె అన్నది ప్లాన్. నేను పదేండ్లు హైదరాబాద్ బయట ఓ ఫ్యాక్టరీల ప్లానింగ్ సెక్షన్ల పనిజేసిన. ఆడ నెలల మొదటి ఇరవై రోజులు సామాను కోసం ఎదురుచూసుడు, ఆఖరి పది రోజులు రాత్రింబవళ్లు ఆగమాగం. నెలాఖరుకు టార్గెట్ అందేది. ఒకటో తారీఖు నాడు సగం యంత్రాలు రిపేరుకు పోయేటియి. ఇప్పుడు జైపూర్ మండలంల ఉంటున్న. ఈడ నా చుట్టూ ఉన్న కరెంటు ప్లాంటును, బొగ్గు బాయిలను చూస్తుంటె అదే తరీఖ పెద్దగ కనవడుతున్నది. ఫ్యాక్టరీల తప్పితె మోటర్ కాలుతది. బాయిల తప్పితె మనిషి పోతడు. అందుకే ఈ ముచ్చట రాస్తున్న.

ఒక్క ప్లాంటు, నాలుగు గడియారాలు

జైపూర్ మండలం పెగడపల్లి కాడ సింగరేణి థర్మల్ పవర్ ప్లాంట్ ఉన్నది. 600 మెగావాట్లయి రెండు యూనిట్లు. 2016ల కరెంటు మొదలైంది. అదే సాలు ఆగస్టు 7న ప్రధాని మోదీ జాతికి అంకితం చేసిన్రు. నూట ఇరవై ఏండ్లకు పైగ బొగ్గు తవ్వి అమ్ముకున్న కంపెనీ, తన బొగ్గు తనే కాల్చి కరెంటు అమ్ముడు మొదలువెట్టింది ఈడనే. ఇప్పుడు 800 మెగావాట్ల మూడో యూనిట్ గూడ ఈడనే రాబోతున్నది.

ఈ ప్లాంటు నడవాలంటె నాలుగు గడియారాలు ఒక్కతీరు తిరగాలె.

మొదటిది కరెంటు గడియారం. మన దేశంల కరెంటు లెక్క పావుగంటకు ఒకసారి. దినాన్ని 96 ముక్కలు చేసిన్రు. రేపు ఏ ముక్కల ఎంత ఇయ్యగలనో ప్లాంటు ముందురోజే చెప్పాలె. డిస్కంలకు ఎంత కావాలెనో వాళ్లు చెప్తరు. ఎవల కరెంటు అగ్గువకు వస్తదో వాళ్లది ముందు తీసుకుంటరు. పగటీలి సోలార్ కరెంటు దండిగ వచ్చినప్పుడు బొగ్గు ప్లాంటును తగ్గించుమంటరు, పొద్దుమూకంగనే పెంచుమంటరు. అంటె ఈ ప్లాంటు ఇప్పుడు ఒక్క తీరుగ కాలే పొయ్యి కాదు, దినాం మంట తగ్గిచ్చి పెంచే పొయ్యి.

రెండోది బాయి గడియారం. అది ఎనిమిది గంటల షిఫ్టు లెక్క. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్. మస్టర్ పడ్డంక మనిషి పని జాగకు చేరుడు, కప్పు చూసుడు, గ్యాస్ చూసుడు, యంత్రం చూసుడు అయినంకనే బొగ్గు.

మూడోది రైలు గడియారం. ఒక్క రేక్ అంటె సుమారు 4 వేల టన్నులు. నిండినంకనే కదులుతది, దించినంకనే మళ్లొస్తది. నడుమల పావు రేక్, అర రేక్ అన్న ముచ్చట లేదు.

నాలుగోది గుత్త గడియారం. మట్టి తీసే కాంట్రాక్టరు ఘనపు మీటర్ల లెక్క, లారీ ఓనరు ట్రిప్పు లెక్క. ఆయనకు షిఫ్టుతోని, పావుగంటతోని పనిలేదు. ఎన్ని ట్రిప్పులైతె అన్ని పైసలు.

ఒక్క లెక్క చూడుండ్రి. రెండు యూనిట్లు దినమంత నిండుగ నడిస్తె 2 కోట్ల 88 లక్షల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు రమారమి 650 గ్రాముల బొగ్గు అనుకున్నా దినానికి 18 వేల టన్నులు దాటుతది. అంటె నాలుగైదు రేకుల బొగ్గు. మూడో యూనిట్ వస్తె 30 వేల టన్నుల దగ్గరికి పోతది, ఏడెనిమిది రేకులు. దీన్ని ఒక్క గడియారం తోని నడిపియ్యలేం. నాలుగింటిని కూడగట్టుడే అసలు పని. ఉత్పత్తి ప్రణాళిక, షెడ్యూలింగ్ అని చదువుకున్నోళ్లు అనేది దీన్నే.

డంపర్ షెడ్‌ల నాలుగు గంటల ముచ్చట

ఇది గాలి ముచ్చట కాదు, ఎనభై ఏండ్లకు పైబడ్డ శాస్త్రం. 1938ల సోవియట్ రష్యాల లియొనిడ్ కాంటరోవిచ్ అనే గణితం పంతులు దగ్గరికి ప్లైవుడ్ ఫ్యాక్టరీలోళ్లు వచ్చిన్రు. మా యంత్రాలకు ఏ కట్టె ఎంత ఇస్తె సరుకు ఎక్కువస్తదని అడిగిన్రు. దాన్ని తెంపుకుంట పోతె కొత్త లెక్కల తొవ్వే దొరికింది. 1975ల ఆయనకు ఆర్థికశాస్త్రం నోబెల్ వచ్చింది. కొత్త యంత్రం కొనకుంట, కొత్త మనిషిని పెట్టకుంట, ఉన్నదాన్నే సరిగ వాడుకునుడు ఎట్ల అన్నదే ఆయన ప్రశ్న.

1954ల ఎస్.ఎం. జాన్సన్ అనే ఇంకో ఆయన ఓ సులువు సూత్రం కనిపెట్టిండు. దాన్ని మన డంపర్ షెడ్‌ల పెట్టి చూద్దాం. మూడు డంపర్లు రిపేరుకు వచ్చినయ్ అనుకుందాం. ఒక జట్టు విప్పాలె, ఇంకో జట్టు బిగించాలె. మొదటి డంపర్ విప్పుడుకు 5 గంటలు, బిగించుడుకు 2. రెండోది విప్పుడుకు 1, బిగించుడుకు 6. మూడోది విప్పుడుకు 4, బిగించుడుకు 4. వచ్చిన వరుసల చేస్తె మొత్తం 17 గంటలు పడుతది. ఎందుకంటె మొదటిదాన్ని విప్పే 5 గంటలు బిగించే జట్టు ఉత్తగ కూసుంటది. అదే రెండోదాన్ని ముందు, మూడోదాన్ని నడుమ, మొదటిదాన్ని ఆఖర్ల పెడితె 13 గంటలల్ల పని ఒడుస్తది. నాలుగు గంటలు మిగిలినయ్. ఎవ్వన్ని తిట్టలె, ఎవ్వనికి ఓటీ ఇయ్యలె, ఎవ్వని అన్నం టైమ్ కోయ్యలె. ఉత్త వరుస మార్చినం అంతే.

సూత్రం గూడ ముసలవ్వకు సమజయ్యేటంత సులువు. మొదటి దశల తక్కువ టైమ్ పట్టేది ముందు పెట్టు. రెండో దశల తక్కువ టైమ్ పట్టేది ఎనుకకు పెట్టు.

కని రెండు దశలకే ఈ సులువు. మూడు దశలైతె, నాలుగైతె, ఇసొంటి సూత్రం ఒక్కటి గూడ ఇప్పటిదాంక దొరకలె. 1963ల పది పనులు, పది యంత్రాల లెక్క ఒకటి పుస్తకంల అచ్చేసిన్రు. చూస్తె చిన్న లెక్కే. గండ్ర గండ్ర గణితం పండితులు కంప్యూటర్లు పెట్టి కొట్లాడితె, ఇంతకంటె మంచి జవాబు లేదని రుజువైంది 1989ల. పది పనులకు 26 ఏండ్లు పట్టింది. మరి షవళ్లు, డంపర్లు, కన్వేయర్లు, క్రషర్, బంకర్, రేకులు, ఆన, బ్లాస్టింగ్, సెలవులు, జరాలు అన్నీ ఉన్న సింగరేణిని ఒక్క టార్గెట్ అంకెతోని నడిపిస్తమంటె నడుస్తదా?

కాంటా కాడ క్యూ

ఈ శాస్త్రం చెప్పే ఇంకో ముచ్చట ఉన్నది. మన ఆఫీసర్ల మనసుకు ఎక్కనిది గిదే. యంత్రాన్ని నూటికి నూరుపాళ్లు వాడుదామనుకునుడే నష్టం.

లారీలు తూకం ఏసే కాంటా తీసుకుందాం. ఒక లారీ తూకానికి సగటున రెండు నిమిషాలు అనుకుందాం. అంటె గంటకు 30 లారీలు పట్టాలె. బండ్లు అడ్డదిడ్డంగ వస్తయ్, తూకం టైమ్ గూడ ఒక్క తీరు ఉండదు. గంటకు 24 లారీలు వస్తె ఒక్కో లారీ సగటున 8 నిమిషాలు క్యూల ఉంటది. 27 వస్తె 18 నిమిషాలు. 29 వస్తె 58 నిమిషాలు! ఐదు బండ్లు పెరిగితె ఎదురుచూపు ఏడింతలు పెరిగింది. కాంటా మాత్రం దాదాపు ఉత్తగ ఉండదు కాబట్టి కాగితం మీద మస్తు మంచిగ కనవడుతది. ఆ క్యూల నిలవడ్డ డ్రైవర్‌కు ట్రిప్పు లెక్కనే పైసలు. ఆ గంట ఆయన జేబుల నుంచి పోయింది. పోయిన గంటను ఆయన ఏడ తీసుకుంటడు? రోడ్డు మీద తీసుకుంటడు. ఇందారం దిక్కు, జైపూర్ దిక్కు జాతీయ రహదారి మీద బొగ్గు లారీ ఎందుకు అంత ఉరుకుతదో, బడికి పోయే పిల్లగాడు రోడ్డు దాటాలంటె ఎందుకు భయపడుతడో ఈడ సమజైతది. డ్రైవర్ బుద్ధి చెడ్డదని తిట్టుడు సులువే. ఆయన ఉరుకుడు కాంటా కాడనే రాసిపెట్టి ఉన్నదని చెప్పుడు కష్టం.

అందుకే ఏ ప్లాన్‌లనైనా కొంత పుర్సత్ ఉండాలె. పుర్సత్ అంటె సోమరితనం కాదు. ఆన వచ్చినా, బెల్టు తెగినా, మనిషికి జరమొచ్చినా పని కూలకుంట ఆపే జాగ అది. ఈ ముచ్చట కరెంటోళ్లకు తెల్వదా అంటె తెలుసు. 2021 అక్టోబర్‌ల దేశమంత బొగ్గు కటకట వచ్చినంక కేంద్ర విద్యుత్ అథారిటీ ప్లాంట్లల్ల ఉంచాల్సిన నిల్వల లెక్క మార్చింది. బాయి పక్కన ఉన్న ప్లాంట్లకు కాలాన్ని బట్టి 12 నుంచి 17 రోజుల బొగ్గు, దూరం ప్లాంట్లకు 20 నుంచి 26 రోజుల బొగ్గు ఉండాలన్నది. అంటె బొగ్గు కుప్పకు పుర్సత్ ఇచ్చిన్రు. ఎండకాలం ముందు ఎక్కువ, ఆనకాలంల తక్కువ అని కాలం గూడ చూసిన్రు. మరి ఆ బొగ్గు తీసే మనిషికి, యంత్రానికి పుర్సత్ ఏది?

మార్చి తన్లాట

7 కోట్ల 20 లక్షల టన్నులను 365 రోజులకు పంచితె దినానికి 1 లక్షా 97 వేల టన్నులు. కాగితం మీద సక్కగ ఉన్నది. కని సింగరేణిల పదింట తొమ్మిది వంతుల బొగ్గు ఓపెన్ కాస్టులదే. ఆన పడితె హాల్ రోడ్డు బురద, డంపర్ జారుతది, సంపుల నీళ్లు నిండుతయ్. 2022 జులైల గోదావరి పొంగింది, 2023 జులైల ఆన దంచింది. ఆ రోజులల్ల ఓసీపీలు ఆగినయ్. ఇది అనుకోకుంట వచ్చే ఆపద కాదు, సాలు సాలు వచ్చే ఆనకాలం.

లెక్కకు ఏప్రిల్ నుంచి జూన్ దాంక సగటున తీసిన్రు అనుకుందాం. జులై నుంచి సెప్టెంబర్ దాంక 92 రోజులు దినానికి 1 లక్షా 40 వేల టన్నులే వచ్చినయ్ అనుకుందాం. అప్పుడు అక్టోబర్ నుంచి మార్చి దాంక దినాం 2 లక్షల 26 వేల టన్నులు తీస్తెనే టార్గెట్ అందుతది. సగటు కంటె దినానికి 29 వేల టన్నులు ఎక్కువ. అది ఆకాశం నుంచి రాదు. ప్లే డే డ్యూటీల నుంచి వస్తది. రిపేరు వాయిదా ఏసిన షవల్ నుంచి వస్తది. మట్టి తీయాల్సిన డంపర్‌ను బొగ్గుకు మలిపితె వస్తది.

ఈ ఆఖరిదే అసలు ఖతర్‌నాక్. ఓపెన్ కాస్టుల ఒక టన్ను బొగ్గు కోసం ఐదారు ఘనపు మీటర్ల మట్టి తీయాలె, కొన్ని జాగలల్ల ఇంకా ఎక్కువ. మట్టి ముందు, బొగ్గు ఎనుక. ఈ వరుసను ఎవ్వలు మార్చలేరు. ఫిబ్రవరి, మార్చిల మట్టిని ఇడిసిపెట్టి బొగ్గు మీద పడితె ఈ సాలు అంకె అందుతది. మే నెలల చూస్తె తీసెటందుకు బొగ్గు బెంచ్ తెర్వలే ఉండదు. అంతల్నే ఆన మొదలు. అంటె వచ్చే సాలు బొగ్గును ఈ సాలే అప్పుకు తెచ్చుకున్నట్టు. మట్టి టెండర్ రెండు నెలలు లేటైనా ఇదే కథ. వడ్డీ మళ్ల మార్చిల కట్టాలె.

దీని మీద ఇంకో ముడి ఉన్నది. తెలంగాణల కరెంటు ఎక్కువ కాలేది యాసంగి చేన్లకు నీళ్లు పారే ఫిబ్రవరి, మార్చి నెలలల్లనే. 2025 మార్చిల రాష్ట్రం డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. అంటె రైతు బోరుకు కరెంటు కావాల్సిన నెల, ప్లాంటు నిండుగ తిరగాల్సిన నెల, రేకులు మస్తు కావాల్సిన నెల, కంపెనీ సాలు ఒడిసే నెల అన్నీ ఒక్కటే. నాలుగు గడియారాలు ఒక్కసారే గంట కొడుతున్నయ్. ఆ నెలకు ముందే, సంక్రాంతి నాటికే నిల్వలు నింపిపెట్టుకునుడు ప్లాన్. మార్చిల అందరిని ఉరికిచ్చుడు తన్లాట.

పదేండ్ల నైనీ చెప్పిన పాఠం

జైపూర్ ప్లాంటు కథల ప్లానింగ్ పాఠం ఇంకోటి దాగున్నది. ఈ ప్లాంటు కోసమని 2015ల ఒడిశాలోని అంగుల్ జిల్లా నైనీ బ్లాకును సింగరేణికి ఇచ్చిన్రు. ప్లాంటు 2016ల మొదలైంది. నైనీల బొగ్గు తీసుడు మొదలైంది 2025 ఏప్రిల్‌ల. ఈ నడుమ ప్లాంటు ఈడి బాయిల బొగ్గు మీదనే బతికింది. ప్లాంటు బంద్ కాలె, అది సింగరేణి కార్మికుల గొప్పతనం. కని తొమ్మిదేండ్లు ఒక బాయి కోసం రాసుకున్న లెక్కను వేరే బాయిలు మోసినయ్.

పెద్ద పనులల్ల ఆలస్యం ఏడైతదో కనిపెట్టెటందుకు 1950ల ఆఖర్ల అమెరికాల క్రిటికల్ పాత్ అనే పద్ధతి తెచ్చిన్రు. వంద పనులు ఉంటె అన్నీ ఒక్క తీరు కాదు. కొన్ని పనులు లేటైనా ఏం కాదు. కొన్ని ఒక్కరోజు లేటైతె మొత్తం ఒక్కరోజు లేటైతది. నైనీల తవ్వుడు అసలు కష్టమే కాదు. అడవి పర్మిషన్లు, భూమి, తొవ్వ, రైలు కాడికి బొగ్గు చేర్చుడు, ఇంకో రాష్ట్రం సర్కారుతోని పని, గివి కష్టం. తవ్వెటందుకు ఎన్ని యంత్రాలు కావాలెనో లెక్క గట్టుడు సులువు. పర్మిషన్ కాగితం ఎన్ని టేబుళ్ల మీద ఎన్ని రోజులు పంటదో లెక్క గట్టాలె. మూడో యూనిట్‌కు గూడ ఇదే వర్తిస్తది. బాయిలర్ ఎప్పుడు నిలవెడుతరన్నది అందరు అడుగుతున్నరు. దినానికి ఇంకో 11, 12 వేల టన్నుల బొగ్గు ఏ బాయి నుంచి, ఏ తొవ్వల, ఏ రేకుల వస్తది? బూడిద ఏడ పోస్తరు? ఇది ఇప్పుడే అడగాలె. యూనిట్ మొదలైనంక అడిగితె జవాబు మళ్ల మన రోడ్డు మీది లారీల రూపంలనే వస్తది.

పుర్సత్ పోతె ఏం పోతది

ఇగ అసలు ముచ్చటకు వస్త. 2003 జూన్‌ల గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిల నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయిన్రు. 2021 నవంబర్‌ల శ్రీరాంపూర్ ఎస్‌ఆర్‌పీ 3, 3ఏ బాయిల కప్పు కూలి నలుగురు పోయిన్రు. 2022 మార్చిల అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టుల కూలిన కప్పు కింద ముగ్గురు పోయిన్రు. వీటన్నిటికి టార్గెట్ ఒత్తిడే కారణమని నేను అంటలేను. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉన్నది, అవి విచారణ చేసేటోళ్ల పని. నేను చెప్పేది వేరే. నీళ్ల గోడ మందం చూసుడు, కప్పుకు బోల్టులు కొట్టుడు, గ్యాస్ చూసుడు, ఈ పనులు ఏవి టన్నులు ఇయ్యవు. ప్లాన్‌ల వీటికి సొంత టైమ్ రాసిపెట్టకుంటె, తొందరైన దినాన ముందుగాల కోసేది వీటి టైమ్‌నే. ఎవ్వలు కోయ్యుమని నోటితోని చెప్పరు. చెప్పే పనిలేదు. ఇయ్యాల ఎన్ని టన్నులు అన్న ఒక్క ప్రశ్ననే దినాం అడిగితె చాలు.

అడ్రియాల సంగతే చూడుండ్రి. 2014ల మొదలైన ఈ లాంగ్‌వాల్ బాయి సాలుకు 28 లక్షల టన్నుల లెక్కతోని కట్టింది. లాంగ్‌వాల్ తరీఖ ఏందంటె, ఒక ప్యానెల్ ఒడిసినంక భారీ సపోర్టులన్ని విప్పి, తరలిచ్చి, ఇంకో ప్యానెల్‌ల మళ్ల నిలవెట్టాలె. దానికి నెలలు పడుతది. ఆ నెలలల్ల బొగ్గు ఉండదు. అది తప్పు కాదు, ఆ యంత్రం స్వభావం. ప్లాన్‌ల అది ఉండాలె. లేకుంటె తరలిచ్చే జట్టు మీద, జల్ది కానియ్యి అన్న మాట కత్తి తీరు ఏలాడుతది.

సింగరేణిల 1990ల మొదట్ల లక్ష మందికి పైగ పర్మినెంట్ కార్మికులు ఉండె. ఇయ్యాల 40 వేల దగ్గర ఉన్నరు, బొగ్గు మాత్రం మూడింతలు దాటింది. యంత్రాలు వచ్చినయ్, ఓపెన్ కాస్టులు వచ్చినయ్, నిజమే. దాంతోపాటు వేలమంది కాంట్రాక్టు కార్మికులు వచ్చిన్రు. పర్మినెంట్ కార్మికునికి యూనియన్ ఉన్నది, ప్లే డే పైసలు ఉన్నయ్. ట్రిప్పు లెక్క డ్రైవర్‌కు, గుత్త లెక్క హెల్పర్‌కు ఏమున్నది? ప్లాన్‌ల రాయని పుర్సత్ మొత్తం చివరికి వాళ్ల నిద్రల నుంచే తీస్తున్నరు.

ఏం చెయ్యాలె

ఇది సింగరేణి మీద తిట్ల దండకం కాదు. సగానికి పైగ వాటా రాష్ట్రానిది, మిగిలింది కేంద్రానిది. అంటె ఇది మన కంపెనీ. మన కంపెనీ కాబట్టే అడుగుతున్న.

ఒకటి, టార్గెట్‌ను 365 తోని భాగించుడు బంద్ చెయ్యాలె. ఆనకాలానికి వేరే అంకె, చలికాలానికి వేరే అంకె, యాసంగికి ముందు నిల్వ ఎంత ఉండాలెనో అది వేరే అంకె. ఆ నెలవారీ ప్లాన్‌ను ఏప్రిల్‌లనే బాయి గేటు కాడ అతికియ్యాలె. ఆన పడి ఉత్పత్తి తగ్గితె దాన్ని ఓటమి అనొద్దు.

రెండు, ఏరియా జీఎం దగ్గర రివ్యూల బొగ్గు అంకెతోని పాటు మట్టి అంకె, వాయిదా పడ్డ రిపేర్ల అంకె, ప్లే డే డ్యూటీల అంకె పక్కపక్కన పెట్టాలె. బొగ్గు పెరిగి, మట్టి తగ్గి, రిపేర్లు పేరుకపోతె అది గెలుపు కాదు, అప్పు.

మూడు, రక్షణ పనులకు రాసిన టైమ్‌ను ఎవ్వలు కోయ్యకుంట తాళం ఏయాలె. దాన్ని కోసే అధికారం బాయి మేనేజర్‌కు గూడ ఉండొద్దు. కప్పు ఎట్లున్నదో ముందుగాల తెలిసేది సర్దార్‌కు, ఓవర్‌మెన్‌కు, ఆడ పనిజేసే కార్మికునికి. ప్లాన్ గీసే మీటింగుల వాళ్లకు కుర్చీ ఉండాలె. టార్గెట్ కిందికి దిగుతున్నది, నిజం మీదికి ఎక్కుతలేదు. ఆ తొవ్వ తెరవాలె.

నాలుగు, కాంట్రాక్టు బండ్లకు ఉత్త ట్రిప్పు లెక్క కాకుంట, కాంటా కాడ, లోడింగ్ కాడ ఆగిన టైమ్‌కు గూడ పైసలు కట్టాలె. గంట ఆపినందుకు కంపెనీ జేబుల నుంచి పోతె, క్యూ ఎట్ల తగ్గాలెనో కంపెనీయే కనిపెడుతది. బొగ్గును రోడ్డు మీద కంటె రైలు మీద, బెల్టు మీద ఎంత ఎక్కువ పంపుతె జైపూర్, ఇందారం జనాలకు అంత ఊపిరి.

ఐదు, కొత్తగూడెంల మైనింగ్ చదువు ఉన్నది, వరంగల్‌ల ఎన్‌ఐటీ ఉన్నది. మన పిల్లలు ఆడ షెడ్యూలింగ్ లెక్కలు పుస్తకంల చూసి నేర్చుకుంటున్నరు. ఆ పుస్తకాల లెక్కలు ఏడనో ఫ్యాక్టరీలయి. వాళ్లకు శ్రీరాంపూర్ డంపర్ షెడ్ లెక్క ఇయ్యుండ్రి, జైపూర్‌ల రేకులు దించే లెక్క ఇయ్యుండ్రి, అడ్రియాల ప్యానెల్ మార్చే లెక్క ఇయ్యుండ్రి. ఒక్క వరుస మారిస్తె నాలుగు గంటలు మిగిలిన ముచ్చట పైన చూసినం. అసొంటి నాలుగు గంటలు సింగరేణిల ఎన్ని దాగున్నయో ఎవరికెరుక? కాకపోతె ఒక షరతు. మిగిలిన ఆ గంటలల్ల సగం కార్మికునికి పుర్సత్‌గ ఇయ్యాలె. మొత్తం మళ్ల టార్గెట్‌లనే కలిపితె, లెక్కలు నేర్చింది మనుషులను ఇంకా సన్నగ పిండెటందుకే అయితది.

మూడో యూనిట్ వస్తె జైపూర్‌ల 2 వేల మెగావాట్ల కరెంటు తయారైతది. హైదరాబాద్‌ల లైట్లు ఎలుగుతయ్, యాసంగి చేన్లు పారుతయ్, మంచిదే. దానికోసం దినానికి 30 వేల టన్నుల బొగ్గు కదలాలె. ఆ కదిలే తొవ్వల మీద మన ఊర్లున్నయ్, మన పిల్లలున్నరు, మన మనుషులు మూడు షిఫ్టులు పనిజేస్తున్నరు. వచ్చే ఏప్రిల్‌ల కొత్త టార్గెట్ చెప్పేటప్పుడు, దాని పక్కన ఆన రోజులు ఎన్ని, రిపేరు రోజులు ఎన్ని, పుర్సత్ ఎంత అన్న మూడు అంకెలు గూడ చెప్పుండ్రి. అవి లేకుంటె అది ఉత్త టార్గెటే. దాన్ని ప్లాన్ అనొద్దు.